మీ ఊళ్లో ప్రోస్టేట్ క్యాన్సర్ గురించి ఒక గంట మీటింగ్ పెట్టాలంటే

ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ముప్పై దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూస్తున్నారు. నోటి క్యాన్సర్, రొమ్ము క్యాన్సర్, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి కూడా అడుగుతున్నారు. ప్రభుత్వ స్క్రీనింగ్ జాబితాలో ఉన్న క్యాన్సర్లు ఈ మూడే. ప్రోస్టేట్ అంటే మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి; దానికొచ్చే క్యాన్సర్ అందులో లేదు కాబట్టి యాభై దాటిన మగవాడిని ఆ సంగతి ఎవరూ వచ్చి అడగరు. ఆయనంతట ఆయన చెప్పడు. మన దేశంలో ఏటా సుమారు 38 వేల మందికి ఈ జబ్బు కొత్తగా బయటపడుతోందని 2022 నాటి అంచనా. వాళ్లలో చాలామందికి తెలిసేసరికే అది ఎముకల దాకా పాకి ఉంటోంది. గ్రంథి దాటకముందే పట్టుకుంటే నయం చేయగల జబ్బు విషయంలో ఇలా జరుగుతోంది.

మీ కాలనీలోనో, ఊళ్లోనో ఈ విషయం మీద ఒక గంట మీటింగ్ పెట్టాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీరు డాక్టరు కానక్కర్లేదు. ఒక్క మాట మాత్రం ముందే అనుకోండి. మీటింగ్ రోజున పీఎస్‌ఏ పరీక్షల శిబిరం పెట్టకండి. పీఎస్‌ఏ అంటే ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష. కారణం తర్వాత వివరంగా చెప్తాను.

మొదటి పని: మనుషులు వచ్చే చోటు, వచ్చే పేరు

"క్యాన్సర్ అవగాహన సదస్సు" అని బ్యానర్ కడితే రావాల్సినవాళ్లు రారు. "నాకేం క్యాన్సరా?" అని పక్కకు తప్పుకుంటారు. "యాభై దాటిన మగవాళ్ల మూత్ర సమస్యలు, డాక్టరుతో ముఖాముఖి" అని రాయండి, వస్తారు. ఎందుకంటే రాత్రి రెండు మూడుసార్లు లేవడం, ధార సన్నబడటం, బొట్లు బొట్లుగా రావడం ఆ వయసులో చాలామందికి ఉన్న బాధే. మీటింగ్ మొదలయ్యాక క్యాన్సర్ మాట ఎలాగూ చెప్తాం.

కొత్తగా జనాన్ని పోగు చేయడం కష్టం. ఇప్పటికే కూడే చోటికి మీరే వెళ్లండి. పొద్దున నడిచేవాళ్ల వాకర్స్ క్లబ్బు, అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలు, పాల కేంద్రం, పంచాయతీ ఆఫీసు అరుగు, ఏదైనా పనికొస్తుంది. పెన్షనర్ల సంఘాలైతే మరీ మంచివి. డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం చాలా చోట్ల జరుపుతారు. ఆ సభలో అరగంట అడిగితే కాదనరు. పైగా అక్కడున్నవాళ్లంతా సరిగ్గా మనకు కావలసిన వయసువాళ్లే.

ఆడవాళ్లను కూడా పిలవండి. ఆయన రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నాడో, నడుం నొప్పి అని ఎన్నాళ్లుగా మాత్రలు మింగుతున్నాడో భార్యకే సరిగ్గా తెలుస్తుంది. పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్లేది కూడా చాలా ఇళ్లలో ఆవిడో, కూతురో. చివరి పావుగంట మాత్రం మగవాళ్లకే ఉంచండి. కొన్ని ప్రశ్నలు అప్పుడే బయటికొస్తాయి.

ఊళ్లో అయితే ఆర్‌ఎంపీనీ, మందుల షాపాయననీ ప్రత్యేకంగా ఇంటికెళ్లి పిలవండి. దీన్ని నేను చాలా ముఖ్యమైన పని అనుకుంటాను. అరవై దాటినాయన నడుం నొప్పి అంటూ మొదట వెళ్లేది వాళ్ల దగ్గరికే. నరం పట్టిందనుకుని సూదులు వేయించుకుంటూ నెలలు గడిపేస్తారు. ఆ వయసులో తగ్గని నడుం నొప్పో, తుంటి నొప్పో ఉంటే ఒకసారి ప్రోస్టేట్ వైపు కూడా చూడాలన్న ఒక్క ముక్క వాళ్ల చెవిన పడితే, మీ మీటింగ్‌కు రానివాళ్లకు కూడా మేలు జరుగుతుంది.

రెండో పని: డాక్టరును ఎంచుకోవడం

దీనికి యూరాలజిస్ట్, అంటే మూత్ర సంబంధ జబ్బులు చూసే డాక్టరు కావాలి. దగ్గర్లోని ప్రభుత్వ బోధనాసుపత్రిలో యూరాలజీ విభాగం ఉంటే అక్కడి డాక్టరును అడగండి. ఉస్మానియా, గాంధీ, నిమ్స్, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్ లాంటి చోట్ల ఆ విభాగాలున్నాయి. యూరాలజిస్ట్ దొరక్కపోతే, చదివి సిద్ధమై వచ్చే జనరల్ ఫిజీషియన్ అయినా ఫర్వాలేదు.

డాక్టరును కలిసినప్పుడు మూడు సంగతులు ముందే మాట్లాడుకోండి. ఏ ఆసుపత్రి ప్యాకేజీనీ మీటింగ్‌లో అమ్మకూడదు. ఇరవై నిమిషాలకు మించి ఉపన్యాసం వద్దు, మిగతా సమయమంతా ప్రశ్నలకే. పరీక్ష వల్ల లాభం ఎంతో, ఇబ్బంది ఎంతో రెండూ చెప్పాలి. మూడోదానికి ఒప్పుకోని డాక్టరైతే మర్యాదగా వేరేవాళ్లను వెతుక్కోండి.

మూడో పని: ఏం చెప్పాలో రాసుకోవడం

ప్రోస్టేట్ అంటే మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి. మగవాళ్లకే ఉంటుంది. వీర్యంలోని ద్రవంలో కొంత భాగాన్ని అది తయారు చేస్తుంది. వయసు పెరిగేకొద్దీ చాలామందిలో అది ఉబ్బి, మధ్యలోంచి పోయే నాళాన్ని నొక్కుతుంది. మూత్రం ఆగి ఆగి రావడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. ఈ ఒక్క మాటకే హాల్లో సగం మందికి టెన్షన్ తగ్గుతుంది.

ఆ వెంటనే రెండో సగం చెప్పాలి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా గ్రంథి వెలుపలి అంచున మొదలవుతుంది. నాళానికి దూరంగా ఉంటుంది కాబట్టి మొదటి దశలో మూత్రానికి ఏ అడ్డూ రాదు, ఏ లక్షణమూ కనబడదు. "నాకు ధార బాగానే ఉంది, నాకెందుకు?" అనేవాళ్లకు ఇదే జవాబు. మీటింగ్‌లో ఇంకేది మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

ముప్పు ఎవరికి ఎక్కువో కూడా చెప్పండి. వయసు పెద్ద కారణం. తండ్రికో అన్నదమ్ములకో వచ్చి ఉంటే ముప్పు సుమారు రెట్టింపు అవుతుంది. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. తల్లికో అక్కచెల్లెళ్లకో రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఆడవాళ్లలో ఆ క్యాన్సర్లకు, మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కు దారి తీయగలదు. మన ఇళ్లలో అత్తయ్యకో పెద్దమ్మకో వచ్చిన జబ్బు గురించి పిల్లల ముందు మాట్లాడరు. "మీ ఇంట్లో, మీ అమ్మ వైపు, నాన్న వైపు ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా? ఏ వయసులో?" అని ఇంటికెళ్లి అడిగి రాసిపెట్టుకోమని చెప్పండి.

ఉదాహరణ కావాలంటే స్కాట్లండ్ సైక్లింగ్ వీరుడు క్రిస్ హోయ్ సంగతి చెప్పండి. ఒలింపిక్స్‌లో ఆరు బంగారు పతకాలు గెలిచిన మనిషి. 2023లో భుజం నొప్పి అని వెళ్తే, అది ప్రోస్టేట్‌లో పుట్టి ఎముకలకు పాకిన క్యాన్సర్ అని తేలింది. అప్పటికి ఆయనకు 47 ఏళ్లు. వాళ్ల తాతకు, తండ్రికి కూడా ఈ జబ్బు వచ్చింది. 2024లో ఆయన ఈ విషయం బయటికి చెప్పి, కుటుంబంలో జబ్బున్న మగవాళ్లు తొందరగా డాక్టరును కలవాలని అడుగుతున్నారు. రోజూ వ్యాయామం చేసేవాళ్లకు ఇవన్నీ రావనే ధీమా వాకర్స్ క్లబ్బుల్లో ఎక్కువ. అక్కడ ఈ ఉదాహరణ బాగా పనిచేస్తుంది.

ఏ వయసులో డాక్టరుతో మాట్లాడాలి? మామూలుగా యాభైకి. తండ్రి, అన్నదమ్ముల్లో ఎవరికైనా ఉంటే నలభై ఐదుకి. బీఆర్‌సీఏ2 లోపం ఉందని తెలిస్తే నలభైకే. డెబ్బై దాటాక లక్షణాలేమీ లేనివాళ్లకు మామూలుగా పీఎస్‌ఏ పరీక్ష వద్దని అమెరికా నిపుణుల సంఘం 2018లో చెప్పింది. ఎనభై ఏళ్ల పెద్దాయనకు గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉండగా, మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఉంది కదా అని ఇది చేయించడం వల్ల ఇంటిల్లిపాదికీ బెంగ తప్ప ఆయనకు ఒరిగేదేమీ ఉండదు.

నాలుగో పని: పీఎస్‌ఏ గురించి తికమక లేకుండా చెప్పడం

పీఎస్‌ఏ మామూలు రక్తపరీక్ష. ప్రోస్టేట్ తయారు చేసే ఒక ప్రొటీన్ రక్తంలో ఎంత ఉందో చెప్తుంది. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు దాటితే ఎక్కువ అని చాలా ల్యాబ్‌ల రిపోర్టుల్లో రాస్తారు. ఆ 4 అనే గీత ఇటు క్షేమం, అటు క్యాన్సర్ అని చెప్పే గీత కాదు. గ్రంథి ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా, ఈమధ్యే మూత్రానికి గొట్టం వేసినా అంకె పెరుగుతుంది. 4కూ 10కీ మధ్య వచ్చినవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికే, సూదితో ముక్క తీసి చూసే బయాప్సీలో క్యాన్సర్ తేలుతుంది. 4 లోపు ఉన్నవాళ్లలో కూడా కొందరికి ఉంటుంది.

పరీక్షకు ముందు జాగ్రత్తలను ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాసి పంచండి. నాకు తెలిసి మన దగ్గర వీటిని చెప్పే ల్యాబ్‌లు తక్కువ.

మూత్రంలో మంట, జ్వరం ఉంటే ముందు దానికి వైద్యం చేయించుకుని, తగ్గాక సుమారు ఆరు వారాలు ఆగాలి. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి భార్యాభర్తల కలయిక, వీర్యం పోవడం, ఎక్కువసేపు సైకిల్ తొక్కడం వద్దు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది మందుల సంగతి. ప్రోస్టేట్ వాపుకు ఇచ్చే డుటాస్టెరైడ్, ఫినాస్టెరైడ్ మాత్రలు కొన్ని నెలలు వాడితే పీఎస్‌ఏ అంకె సుమారు సగానికి పడిపోతుంది. మన దగ్గర ట్యామ్‌సులోసిన్‌తో కలిపి డుటాస్టెరైడ్ ఉన్న మాత్రలు చాలామంది ఏళ్ల తరబడి వాడుతున్నారు. అలాంటాయనకు 3 వచ్చిందంటే దాన్ని 6గా చూడాల్సి రావచ్చు. జుట్టు రాలకుండా వాడే ఫినాస్టెరైడ్ కూడా అంతే. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని పట్టుకెళ్లమనండి.

వేలితో చేసే పరీక్ష గురించి కూడా సంకోచం లేకుండా చెప్పాలి. డాక్టరు గ్లవ్ తొడుక్కుని, జెల్లీ రాసి, మలద్వారం గుండా వేలితో గ్రంథిని తాకి చూస్తారు. ఒక నిమిషం కూడా పట్టదు. ఇబ్బందిగా ఉంటుంది కానీ పెద్దగా నొప్పి ఉండదు. గట్టి గడ్డలేమైనా ఉంటే దీనితో తెలుస్తాయి.

శిబిరం ఎందుకు వద్దంటున్నానంటే

ఉచితంగా రెండు వందల మందికి రక్తం తీస్తామని ఏదో ఒక ల్యాబ్ ముందుకొస్తుంది. ఫొటోలు బాగుంటాయి, పేపర్లో వార్త వస్తుంది. మూడు రోజుల తర్వాత కొందరి ఫోన్లకు "5.8", "7.2" అని మెసేజ్ వస్తుంది, పక్కన ఎర్ర గుర్తుతో. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఆయనకు ముందే ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో ఎవరూ అడిగి ఉండరు. మళ్లీ ఎక్కడికి వెళ్లాలో తెలియదు. కొందరు భయంతో అవసరం లేని బయాప్సీకి పోతారు. కొందరు కాగితం చించేసి ఊరుకుంటారు, వాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లూ ఉండవచ్చు. డుటాస్టెరైడ్ వాడుతున్నాయన "2.9, నార్మల్" అని చూసి ధైర్యంగా ఇంటికి పోతాడు.

పరీక్ష వల్ల మేలు లేదనడం నా ఉద్దేశం కాదు. యూరప్‌లో ఎనిమిది దేశాల్లో లక్షా అరవై వేల మందికి పైగా మగవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. 23 ఏళ్ల ఫలితాలు 2025లో వచ్చాయి. పీఎస్‌ఏ పరీక్షకు పిలిచినవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ మరణాలు 13 శాతం తగ్గాయి. 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. ఆ ఒక్క ప్రాణం చాలా విలువైనది. అయితే మిగతా 455 మందిని అనవసరమైన సూదులు, ఆపరేషన్ల నుంచి కాపాడే బాధ్యత కూడా పరీక్ష చేసేవాళ్లదే. అందుకే ఒక్కొక్కరూ డాక్టరుతో మాట్లాడి, తన వయసు, కుటుంబం, మందులు చెప్పుకుని, అప్పుడు నిర్ణయం తీసుకోవాలి.

ల్యాబ్‌వాళ్లు సాయం చేస్తామంటే ఇలా అడగండి. మీటింగ్ అయ్యాక నెలరోజుల పాటు, డాక్టరు చీటీతో వచ్చినవాళ్లకు తక్కువ ధరకు చేయమనండి. రిపోర్టు ఫోన్లో పంపకుండా డాక్టరుకే ఇవ్వమనండి. మంచి ల్యాబ్ అయితే దీనికీ ఒప్పుకుంటుంది.

ఐదో పని: అంకె ఎక్కువొస్తే ఏమవుతుందో ముందే చెప్పి ఉంచడం

ఎక్కువొస్తే మొదటి పని అదే పరీక్ష కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయించడం. చాలామందికి రెండోసారి తగ్గుతుంది. తగ్గకపోతే ఎంఆర్‌ఐ. అందులో అనుమానం ఎంతుందో 1 నుంచి 5 దాకా అంకె వేసి చెప్తారు. అనుమానం గట్టిగా ఉంటేనే బయాప్సీ, అంటే సూదితో గ్రంథిలోంచి సన్నని ముక్కలు తీసి చూడటం. "సూది పడితే క్యాన్సర్ పాకుతుంది" అనే మాట ప్రతి మీటింగ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు. ఆ భయం అక్కర్లేదని డాక్టరు నోటితోనే చెప్పించండి. బయాప్సీ తర్వాత కొన్ని రోజులు మూత్రంలో, వీర్యంలో కాస్త రక్తం కనబడటం మామూలే. చలిజ్వరం వస్తే మాత్రం గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

క్యాన్సర్ అని తేలినా అన్నీ ఒకటి కాదు. గ్లీసన్ స్కోరు అని రిపోర్టులో ఉంటుంది. 6 అంటే నెమ్మదిగా పెరిగే రకం, 9, 10 అంటే దూకుడైన రకం. నెమ్మది రకానికి చాలాసార్లు వెంటనే ఆపరేషన్ చేయరు. కొన్ని నెలలకోసారి పీఎస్‌ఏ, అవసరమైతే ఎంఆర్‌ఐ, బయాప్సీ చేస్తూ కనిపెట్టి ఉంటారు. బ్రిటన్‌లో గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపును కనిపెట్టి ఉంచారు, ఒక గుంపుకు ఆపరేషన్, ఒక గుంపుకు రేడియేషన్. పదిహేనేళ్ల తర్వాత, 2023లో చూస్తే మూడు గుంపుల్లోనూ నూటికి సుమారు 97 మంది ఈ జబ్బుతో చనిపోలేదు. "క్యాన్సర్ అంటే ఇక అంతే" అనుకునే మనవాళ్లకు ఈ లెక్క వినిపించాలి.

ముదిరిన దశలో దొరికినా చేతులెత్తేయాల్సిన పని లేదు. ఈ క్యాన్సర్ మగ హార్మోన్ మీద బతుకుతుంది. ఆ హార్మోన్‌ను ఇంజెక్షన్లతోనో, వృషణాలు తీసే చిన్న ఆపరేషన్‌తోనో తగ్గిస్తే చాలామందికి నొప్పులు తగ్గుతాయి, ఏళ్లు కలిసొస్తాయి.

డబ్బు సంగతి తప్పకుండా అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద క్యాన్సర్ వైద్యం దొరుకుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పరిమితి పది లక్షలు. రక్తపరీక్ష, స్కాన్ లాంటివి పథకంలోకి వస్తాయో రావో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను ముందే అడగాలి. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. మీ జిల్లాకు దగ్గరగా ఉన్నదాని పేరు, బస్సు దారి, ఓపీ రోజులు కాగితం వెనకవైపు రాసి ఇవ్వండి. ఊరి మనిషికి గ్లీసన్ స్కోరు కన్నా ఆ బస్సు దారి ఎక్కువ పనికొస్తుంది.

వీళ్లు మీటింగ్ కోసం ఆగకూడదు

మూత్రంలో రక్తం, అసలు మూత్రం ఆగిపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, వారాల తరబడి తగ్గని నడుం నొప్పి లేదా తుంటి నొప్పి. వీటిలో ఏది ఉన్నా స్క్రీనింగ్ చర్చతో పని లేదు, ఏ వయసైనా నేరుగా డాక్టరు దగ్గరికే. నడుం నొప్పితో పాటు కాళ్లు బలహీనపడినా, తిమ్మిరెక్కినా, మలమూత్రాలు ఆపుకోలేకపోయినా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. వెన్నుపాము నొక్కుకుపోతే గంటల్లో కాళ్లు పడిపోవచ్చు. ఈ పేరా ఒక్కటీ విడిగా రాసి హాల్లో గోడకు అంటించండి.

ఆరో పని: ప్రశ్నల డబ్బా

వచ్చిన ప్రతి ఒక్కరికీ తలుపు దగ్గరే చిన్న చీటీ, పెన్సిల్ ఇవ్వండి. పేరు రాయొద్దని చెప్పి, ప్రశ్న రాసి డబ్బాలో వేయమనండి. రాయలేనివాళ్లకు ఒక కుర్రవాడు పక్కన కూర్చుని రాసిపెట్టాలి. ఆపరేషన్ తర్వాత సంసారానికి పనికొస్తామా, మూత్రం కారిపోతుందా, ప్యాడ్ పెట్టుకోవాలా అనేవి మగవాళ్లు నలుగురిలో నోరు తెరిచి అడగలేరు. చీటీలో అడుగుతారు. డాక్టరు ఏదీ దాచకుండా జవాబివ్వాలి. ఆపరేషన్, రేడియేషన్ వల్ల కొందరికి ఈ ఇబ్బందులు నిజంగా వస్తాయి, కొన్ని కాలంతో తగ్గుతాయి, కొన్నింటికి మందులున్నాయి. ఆశపెట్టి చెప్తే తర్వాత ఎవరూ మిమ్మల్ని నమ్మరు.

గుమ్మడి గింజలు, టమాటాలు, ఫలానా కషాయం తింటే రాదా అనే చీటీలూ వస్తాయి. ఏ తిండీ దీన్ని ఖాయంగా ఆపుతుందని రుజువు కాలేదు, తినాలనుంటే తినండి కానీ డాక్టరును కలవడం మానొద్దు అని చెప్తే చాలు.

మీటింగ్‌కు రాని నాన్నతో మాట్లాడటం

మీరు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉండి, నాన్న ఊళ్లో ఉంటే ఈ పని ఫోన్లో చేయాలి. ముందు అమ్మతో మొదలుపెట్టండి. "అమ్మా, నాన్న రాత్రుళ్లు ఎన్నిసార్లు లేస్తున్నారు? నడుం నొప్పి ఏమైనా అంటున్నారా? తాతయ్యకు చివర్లో ఏం జబ్బు చేసింది?" ఆ తర్వాత నాన్నతో. "నాన్నా, క్యాన్సర్ టెస్టు చేయించుకో" అంటే ఫోన్ అమ్మకిచ్చేస్తారు. "నాన్నా, మీరు యూరాలజిస్ట్‌కు ఒక్కసారి చూపించుకుంటే నాక్కూడా తెలుస్తుంది, మీకేమైనా ఉంటే నేను నలభై ఐదు నుంచే జాగ్రత్త పడాలట" అనండి. తన కోసం కదలని మనిషి కొడుకు కోసం బయల్దేరతాడు. అది ఉత్తి ఎత్తుగడ కూడా కాదు, నిజంగా కొడుక్కి అవసరమైన సమాచారం. కూతురైతే, ఆ జన్యువు సంగతి తనకూ వర్తిస్తుందని చెప్పి అడగవచ్చు.

అపాయింట్‌మెంట్ మీరే తీసుకోండి. వెంట వెళ్లడానికి బాబాయినో, మేనల్లుడినో పురమాయించండి. ఒంటరిగా వెళ్తే సగం మాటలు మర్చిపోతారు, వేలి పరీక్ష అనగానే లేచి వచ్చేస్తారు.

చివరి పని: మీటింగ్ తర్వాత

ఇష్టపడ్డవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ పుస్తకం ఒక్కరి దగ్గరే ఉండాలి. ఎవరి పీఎస్‌ఏ ఎంతో వాట్సాప్ గ్రూపులో రానివ్వకండి, మంచి అంకె అయినా సరే. మంచి అంకెలు పెడుతూ పోతే, పెట్టనివాడి గురించి ఊరంతా గుసగుసలాడుతుంది.

రెండు వారాలకు ఒకసారి ఫోన్ చేసి "డాక్టరును కలిశారా?" అని మాత్రమే అడగండి. ఎక్కువొచ్చిందని ఎవరైనా చెప్తే, రెండోసారి పరీక్ష తేదీ రాసుకుని ఆ వారంలో మళ్లీ ఫోన్ చేయండి. చాలామంది జారిపోయేది ఆ మొదటి రిపోర్టుకీ రెండో పరీక్షకీ మధ్యే. వీలైతే ఆ రోజు వాళ్లతో పాటు మీరూ వెళ్లండి, మాత్రల అట్టల కవరు, పాత రిపోర్టు తీసుకున్నారో లేదో బయల్దేరేముందు చూడండి.